పరంజాతో సహా

మా అత్త కట్టిన గుడిలో దేవుడు లేడు. అసలు గుడిలోనూ లేడట. వేల ఏళ్ళ కిందటే ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. అసలుది ఎక్కడో సముద్రం అవతల కొండ మీద ఉంటుంది. పాలరాతి స్తంభాలు, పైన సగం కూలిన ముక్కోణపు నుదురు, లోపల గాలి. మాది హైవే పక్కన ఉంటుంది. మురుగు పైపుల స్తంభాలు, ట్యాంకు మూతల నుదురు, లోపల మా కుక్క.

అత్త అంటే మా నాన్నకు అక్క. ఆమెది సిమెంటు పోత పని. పైపులు, కంచె స్తంభాలు, బావి వరలు, ట్యాంకు మూతలు అచ్చుల్లో పోసి, తడిపి, ఆరబెట్టి లారీలకెక్కిస్తుంది. నేను ఆమె దగ్గర పనిచేస్తాను. పనిచేస్తానని నేనంటాను. ఎవరైనా అడిగితే అత్త మాత్రం "నా దగ్గరుంటుంది" అని ఊరుకుంటుంది.

గుడి ఎలా వచ్చిందంటే, సిమెంటు కొట్టువాడు ఒక ఏడాది ఇచ్చిన క్యాలెండరు మీద దాని ఫొటో ఉంది. ఏడాది అయిపోయింది, అత్త క్యాలెండరు దించలేదు. ఆ తర్వాత ఏళ్ళన్నీ మా ఇంట్లో ఆ ఏడాదే నడిచింది. యార్డు చివర పగిలిన పైపులు కుప్పపడి ఉండేవి. ఎవరూ కొనరు, పారేయడానికి మనసొప్పదు. ఒక వానాకాలం పని లేక చేతులు దురదపెడుతుంటే అత్త వాటిని ఒక్కొక్కటే నిలబెట్టడం మొదలెట్టింది. పాత గుడి అంటే పగుళ్ళుండాలి కదా, అవి మా దగ్గర ముందే తయారు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దింపింది. తల లేని విగ్రహాన్ని తల లేకుండానే పోసింది. ఒక స్తంభం అంచు విరిగి ఉంటే, తను పోసిన కొత్త అంచుని సుత్తితో విరగ్గొట్టింది. క్యాలెండరు వేలాడదీసిన మేకుని కూడా పొయ్యబోతుంటే నేనే అడ్డంపడి ఆపాను.

చిక్కల్లా ఒక్కటే. ఫొటో తీసిన రోజున అసలు గుడికి మరమ్మతు జరుగుతోంది. ముందువైపు ఎడమ సగమంతా పరంజా కట్టి ఉంది: నిలువు గుంజలు, అడ్డ గుంజలు, మేస్త్రీలు నిలబడే పలకలు, పక్కన ఒక నిచ్చెన. అత్త దాన్ని కూడా దింపేసింది. గుంజలకి కంచె స్తంభాలు, పలకలకి ప్రహరీ పలకలు, అన్నిటి లోపలా ఇనప చువ్వలు. గుంజ గుంజ కలిసిన చోట తాడు ముళ్ళు కూడా సిమెంటుతోనే, ఒక్కో పోగు లెక్కపెట్టుకునేలా. లోకంలో ఏ పరంజానైనా పని అవగానే విప్పేస్తారు. మాది విప్పాలంటే భూకంపం రావాలి, అది కూడా వారం ముందు చెప్పి, సాయానికి ఇద్దర్ని వెంటబెట్టుకుని రావాలి.

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగుతారు. కారు దిగగానే గుడిని తల పైకెత్తి చూసి అందరూ అడిగేది ఒకటే ప్రశ్న.

"ఎప్పటికి పూర్తవుతుందండీ?"

"ఇంకో నాలుగు వందల ఏళ్ళు పట్టొచ్చండి. మేస్త్రీ సెలవులో ఉన్నాడు" అంటాను నేను.

నేనే అక్కడ గైడుని. నాకు అబద్ధాలు చెప్పే అలవాటు లేదు. నిజంలో కాస్త నీళ్ళు పోస్తాను, అంతే. సిమెంటు పనిలో నీళ్ళు పొయ్యకుండా ఏది గట్టిపడుతుంది? మొన్నొక బట్టతలాయనకి, అసలు గుడిలో మూడో స్తంభానికి తల ఆనిస్తే జుట్టు మొలుస్తుందనీ, మాది నకలు కాబట్టి సగమే మొలుస్తుందనీ చెప్పాను. ఆయన సగానికైనా సిద్ధపడి స్తంభాన్ని కావలించుకుని నిలబడిపోయాడు. వాళ్ళావిడ వచ్చి లాక్కెళ్ళాల్సి వచ్చింది. అత్త అంతా చూసి, "నీ నోట్లో అచ్చు పెట్టి సిమెంటు పోస్తే తప్ప ఆగవే కోతలపుట్టా" అంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను చెప్పిన కోత మాత్రం నిజంగా పనికొచ్చేది. అది పనిచెయ్యకుండా పోవడంలో నా తప్పేమీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం రిటైరైన నర్సుల బస్సొకటి ఆగింది. బస్సు నిండా తెల్లజుట్టు, నీళ్ళ సీసాలు, ఒకళ్ళ మాట ఒకళ్ళు విననంత కబుర్లు. వాళ్ళందరికీ పెద్ద ఒకావిడ ఉంది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎండలోంచి తప్పుకోవాలో ఆవిడే చెబుతోంది. అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అంటున్నారు. నేను వాళ్ళని స్తంభాల మధ్య తిప్పుతూ, తల లేని విగ్రహం జలుబు భరించలేక తలని ఎలా వదిలేసుకుందో చెబుతున్నాను.

"జలుబుకి తల తీయించుకోవడం మా ఆస్పత్రిలో కూడా చూశాంలే, ముందుకు నడువు" అంది పెద్దమ్మ. నాకు సరిజోడు దొరికిందని భయమేసింది.

అప్పుడే రోడ్ల ఆఫీసరు కారొచ్చింది. అది మామూలే. ఇదివరకు కూడా వచ్చాడు, పరంజా తీసెయ్యమని చెప్పి వెళ్ళాడు. ఈసారి కారు వెనకాల ఒక పసుపుపచ్చ పొక్లెయిన్ వచ్చి, ముందున్న ఇనప పళ్ళ తొట్టిని నేల మీద ఆనించి ఆగింది.

ఆఫీసరు మంచివాడే, అదే మా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టి పంపొచ్చు. ఆయన చెప్పులు విడిచి మరీ తడి పలకల పక్కనుంచి జాగ్రత్తగా నడిచి అత్త దగ్గరికొచ్చాడు. అత్త మోచేతుల దాకా సిమెంటుతో, బావి వర అచ్చులో తాపీ ఆడిస్తోంది.

"పోయినసారే చెప్పాను కదమ్మా" అన్నాడు.

"చెప్పారు. విన్నాను."

"వినడం కాదమ్మా, తియ్యాలి. లారీలవాళ్ళు ఈ పరంజా చూసి, ఇక్కడేదో పని జరుగుతోందనుకుని ఉన్నట్టుండి బ్రేకులేస్తున్నారు. వెనకాలొచ్చేవాడు గుద్దితే ఎవరిది బాధ్యత? పైగా మా ఆఫీసుకి ఫోన్లు. ఇన్నేళ్ళుగా ఆ పని నడుస్తూనే ఉంది, మీరు నిద్రపోతున్నారా అని. నిన్నొకాయన నన్ను పట్టుకుని తిట్టాడమ్మా, ఫోన్లోనే."

"పని నడవట్లేదని చెప్పాల్సింది."

"పరంజా ఉందంటే పని పూర్తి కానట్టే. పూర్తికాని కట్టడం హైవే పక్కన ఉంచకూడదు. అది రూలు."

"పూర్తయింది."

"పరంజా ఉంది కదమ్మా."

"పరంజా కూడా పూర్తయింది."

ఆఫీసరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నేను గుడినేమీ అనట్లేదు. మా పిల్లలకి చూపించాను కూడా, వాళ్ళకి తెగ నచ్చింది. పరంజా ఒక్కటి తీసెయ్యండి, గుడి ఉంచుకోండి. దాని జోలికి రానని నేను మాటిస్తాను. తియ్యనంటే మాత్రం మొత్తం పడగొట్టమని పైనుంచి ఆర్డరు. ఇవ్వాళే."

పొక్లెయిన్ డ్రైవరు కిందకి దిగి, ఏ వైపునుంచి మొదలెట్టాలా అని గుడి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మా కుక్క లోపల్నుంచి లేచొచ్చి వాడి బూట్లు వాసన చూసి, మళ్ళీ వెళ్ళి పడుకుంది. కాపలాకని దాన్ని పెంచుతున్నాం.

నాకు ఒళ్ళు మండింది. మండితే నాకు మాటలు బాగా వస్తాయి.

"సార్, మీకు అసలు సంగతి తెలీదు. ఆ పరంజా అసలు గుడిలో రాతిదండీ" అన్నాను.

"రాతిదా?"

"పాలరాయి. ఆ కాలం మేస్త్రీలు గుడి కట్టడం అయ్యాక, తాము నిలబడి పనిచేసిన చోటు పోకూడదని పరంజాని కూడా రాతిలో చెక్కి ఉంచేసుకున్నారు. రాజు వద్దన్నాడట. వద్దంటే మేము గుడిని కూడా పట్టుకుపోతామన్నారట. ఇక్కడ మేం దింపింది దాన్నేనండీ. అది పరంజా కాదు, శిల్పం."

ఈ ముక్కలన్నీ అప్పటికప్పుడు నోట్లోంచి ఊడిపడ్డాయి. నా ముఖం చూస్తే దేవుడొచ్చి కాదన్నా నమ్మేలా ఉండుంటుంది. ఆఫీసరు పరంజా వైపు చూశాడు. సిమెంటు తాడు ముళ్ళని దగ్గరికెళ్ళి చూశాడు. ఆయన ముఖంలోకి మెల్లగా వెలుగొచ్చింది. ఆయనకి కూడా పడగొట్టడం ఇష్టం లేదు మరి.

"అంటే శాశ్వతంగా ఉండేదే అన్నమాట. అలాగైతే అది కట్టడంలో భాగమే అవుతుంది, నిజమే... ఒక బోర్డు పెట్టండి. అసలు గుడిలో ఉన్న ప్రాచీన శిల్పానికి ఇది నకలు అని పెద్దక్షరాల్తో రాయించండి. అది ఫొటో తీసి పైవాళ్ళకి చూపించి నేను సర్దుకోగలను. లారీలవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఏమ్మా?"

గండం గడిచింది. నేను పెద్దమ్మ వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాను. బోర్డు మీద ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాను.

"అది అబద్ధం" అంది అత్త.

తాపీ పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అత్తా!"

"నోర్ముయ్యవే. అబద్ధం బాబూ. అసలు గుడికున్నది మామూలు పరంజానే. మరమ్మతుకి కట్టుకున్నారు, అయ్యాక విప్పేసుకుంటారు. నేనే తెలీక పోశాను."

"తెలీకనా? అమ్మా, మీరు పుట్టినప్పటినుంచీ ఈ పనిలో ఉన్నారు, పరంజా తెలీకపోవడమేంటి?" అన్నాడు ఆఫీసరు.

అత్త చేతులకున్న సిమెంటు చీరకి తుడుచుకుంది. ఆమె సిగ్గుపడడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు చూశాను, అది కూడా సగమే.

"పరంజా అని తెలుసు. ఇదిగో, ఇది ఇందాక వాగిందే, అచ్చం అలాగే అనుకున్నాను నేను కూడా. గుడి కట్టినవాళ్ళు తాము నిలబడ్డ చోటుని రాతిలో చెక్కి ఉంచుకున్నారనుకున్నా. ఎంత గొప్ప మనుషులో అనుకున్నా. అందుకే విగ్రహంకంటే ముందు పరంజాయే పోశాను. ఆ ముళ్ళకి నాకు ఎంత కాలం పట్టిందో దీన్నడగండి. అంతా అయ్యాక ఒకాయన వచ్చి, అది మరమ్మతు పరంజా అమ్మా, ఇప్పుడు లేదు, తీసేశారు అని నవ్వి వెళ్ళాడు."

నేను ఊరికే ఊదేసిన కోతని మా అత్త అంతకుముందే నమ్మి, నమ్మినదాన్ని చువ్వలు పెట్టి పోసి, నిలబెట్టి కూర్చుంది. ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట కూడా అనలేదు.

"మరింకేం? పొరపాటే కదా. తీసేస్తే సరిపోతుంది" అన్నాడు ఆఫీసరు మెల్లగా.

"పొరపాటే. నాదే. తియ్యను."

"అత్తా, ఒక్క బోర్డు! ఒక్క అబద్ధం! గుడి మొత్తం నిలబడిపోతుంది. నీకేం పోయింది?" అన్నాను. ఏడుపో కోపమో నాకే తెలియలేదు.

"అబద్ధంతో నిలబెడితే అది నువ్వు కట్టిన గుడి అవుతుందే, నేను కట్టింది కాదు." అత్త గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పే ఆ మేస్త్రీలు లేరు. ఉంచుకున్నవాళ్ళెవరూ లేరు. వాళ్ళని తీసేశారు, వాళ్ళు నిలబడ్డది తీసేశారు, రాజు పేరు ఉంచుకున్నారు. ఉంచింది నేనొక్కదాన్నే. ఆ మాట పట్టుకెళ్ళి ఇంకెవడి పేరునో ఎందుకు రాయాలి? బతుకంతా పైపులు పోశాను బాబూ. తీసుకెళ్తారు, భూమిలో పాతేస్తారు. మూతలు పోశాను, వాటి మీద తొక్కుకుంటూ పోతారు. మనుషులు తల ఎత్తి చూసేలా నేను పోసింది ఇదొక్కటే ఉంది. ఇది ఇలాగే ఉంటుంది."

లారీవాడొకడు రోడ్డు మీద గట్టిగా బ్రేకేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎప్పుడవుతుందయ్యా ఈ పని!" అని అరిచి పోయాడు. ఆఫీసరు నావైపు చూసి, చూశావా అన్నట్టు చేతులు చాచాడు.

పెద్దమ్మ ముందుకొచ్చింది. "నాయనా, నేను అసలుది చూశానయ్యా. మా ఆస్పత్రివాళ్ళతో కలిసి టూరెళ్ళాం. నేను వెళ్ళినప్పుడు కూడా పరంజా ఉంది. మా ఇంట్లో ఫొటో ఉంది, ముందు నేను, నా వెనకాల పరంజా. అందులో గుడి ఎక్కడుందో నాకిప్పటికీ తెలీదు. దీన్ని చూస్తేనే నేను వెళ్ళొచ్చినట్టనిపించింది."

"అక్కడ హైవే లేదండీ" అన్నాడు ఆఫీసరు.

ఆయన డ్రైవరు వైపు తిరిగి తలూపాడు. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. తొట్టి నేల మీదనుంచి లేచింది, దాని పళ్ళనుంచి మట్టి రాలింది.

అత్త పరుగెత్తలేదు. మామూలుగా పంపు దగ్గరికెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. పరంజా పక్కనున్న సిమెంటు నిచ్చెన ఎక్కడం మొదలెట్టింది. ఇన్నేళ్ళలో ఆ నిచ్చెన ఎవరూ ఎక్కలేదు. అది బొమ్మ అనుకున్నాం అందరం. ఆమె మాత్రం మెట్టు మెట్టుకీ చువ్వ పెట్టింది మరి. మధ్య పలక మీదకి చేరి, కాళ్ళు కిందకి వేలాడేసి, స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. కింద తనే పోసిన యార్డుని ఆ ఎత్తునుంచి మొదటిసారి చూస్తున్నట్టుంది. "ఏమే, ఆ మూల తడి చాల్లేదు, నీళ్ళ పైపు పెట్టు" అని నాకు చెప్పింది.

డ్రైవరు ఇంజను కట్టేశాడు.

"ఏంటయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"పరంజా మీద మనిషి ఉంటే నేను తొట్టి ఎత్తను సార్. రూలు."

"అది పరంజా కాదయ్యా, సిమెంటు!"

"ఇందాకట్నుంచీ పరంజా అంటున్నది మీరే కదా సార్." డ్రైవరు దిగి నీడలో గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, గట్టిగా ఉందా అక్కడ?" అని పైకి అరిచాడు.

"లారీ ఎక్కినా ఊగదు" అంది అత్త.

నేను పైపు ఆ మూల పడేసి నిచ్చెన దగ్గరికెళ్ళాను. నిజం చెప్పాలంటే నాకు ఎత్తంటే భయం. కుర్చీ ఎక్కి బల్బు మార్చమంటే నెల రోజులు చీకట్లో ఉంటాను. కళ్ళు మూసుకుని ఎక్కాను. పైకెళ్ళాక అత్త పక్కకి జరిగి చోటిచ్చింది. నా చెయ్యి పట్టుకోలేదు గానీ, నా చున్నీ కొస తీసి తన తొడ కింద నొక్కిపెట్టుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే ఊరంతా తిప్పి చెప్పేదానివి. దానికో రాజుని కూడా తగిలించేదానివి."

"తగిలించాను కదా ఇందాక."

"విన్నాను. రాజు బాగున్నాడు" అంది.

కిందనుంచి నిచ్చెన మీద అలికిడైంది. చూస్తే పెద్దమ్మ. చెప్పులు చంకలో పెట్టుకుని ఎక్కేస్తోంది. ఆవిడ వెనకాల ఇంకొకావిడ, ఆవిడ వెనకాల ఇంకొకావిడ.

"అమ్మా, మీరెందుకండీ! పడితే!" ఆఫీసరు నిచ్చెన కింద రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. పట్టుకోవడానికో ఆపడానికో ఆయనకే తెలిసినట్టు లేదు.

"పడితే కట్టు కట్టుకోవడం మాకు వచ్చులే. నువ్వు కాస్త పక్కకి జరుగు, మీద పడితే నీక్కూడా కట్టాలి."

"మీ వయసుకి..."

"నా వయసు సంగతి నీకెందుకు? వెనక్కి తిరుగు, సూది వేస్తాను."

వాళ్ళు అలా ఎక్కుతూనే ఉన్నారు. కింది పలక నిండింది, మధ్య పలక నిండింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింద నిలబడి నీళ్ళ సీసాలు పైకి అందిస్తున్నారు. మొత్తం మీద మా గుడికి ఎడమ సగం తెల్లజుట్టు పూత పూసినట్టయింది. ఒకావిడ నావైపు వంగి, "అమ్మాయ్, ఆ జలుబు విగ్రహం సంగతి కూడా అబద్ధమేనా?" అంది.

"అదొక్కటి మాత్రం నిజమండీ" అన్నాను.

ఆఫీసరు తన పైవాడికి ఫోన్ చేశాడు. మాకు ఒక వైపు మాటలే వినిపించాయి. "లేదు సార్, పరంజా మీద మనుషులున్నారు... లేదు సార్, మేస్త్రీలు కాదు, నర్సులు... చాలామంది సార్... సిమెంటుది సార్... ఎక్కొచ్చు సార్, ఎక్కారు." ఫోన్ పెట్టేసి చాలాసేపు కారు బానెట్ మీద వేళ్ళతో కొట్టుకుంటూ నిలబడ్డాడు.

"అమ్మా, రేపు పొద్దున వస్తాను. నేనొక్కణ్ణే రాను" అన్నాడు చివరికి, పైకి చూసి. ఆ మాటలో కోపం లేదు. అది బెదిరింపు కాదు, నిజంగానే చెబుతున్నాడు.

"రండి. పెందరాళే రండి, ఎండెక్కితే పలకలు కాలుతాయి" అంది అత్త.

ఆయన వెళ్ళిపోయాడు. పొక్లెయిన్ వాడు మాత్రం రేపెలాగూ రావాలి కదా అని బండిని అక్కడే వదిలేసి, తాళం జేబులో వేసుకుని, వెళ్ళబోతూ ఒకసారి నిచ్చెన ఎక్కి పైదాకా వెళ్ళి దిగాడు. ఎందుకెక్కాడో చెప్పలేదు.

నర్సులు దిగడానికి ఎక్కినదానికి రెట్టింపు సేపు పట్టింది. పెద్దమ్మ బస్సు మెట్టు మీద నిలబడి, "చెల్లెమ్మా, మాది పెద్ద సంఘం. పొద్దున్నే ఇంకో బస్సు తెస్తాను. ఈసారి మోకాళ్ళు బాగున్నవాళ్ళని ఏరుకొస్తాను" అంది.

బస్సు పోయాక అత్త పరంజా కింద నిలబడి, పైకీ పక్కకీ చూసి, జానలతో కొలవడం మొదలెట్టింది.

"చోటు చాల్లేదే. చివర్న నిలబడ్డావిడ మడమ సగం గాల్లోనే ఉంది, చూశావా? కుడి వైపు కూడా ఇంకో వరస వెయ్యాలి. పలకలు వెడల్పుగా."

"క్యాలెండర్లో కుడి వైపు లేదు అత్తా."

"లేకపోతే?"

అంతే. అచ్చులు బయటికి లాగాం. నేను ఇసక జల్లించాను, అత్త కలిపింది. పొద్దువాలే వేళకి కుడి వైపు మొదటి పలక పోసేశాం, స్తంభాల మధ్య అక్కడికక్కడే, అడుగున చెక్కలు బిగించి. నున్నగా, తడిగా మెరుస్తోంది.

"అత్తా, తెల్లారేసరికి ఇది గట్టిపడదు కదా. వాళ్ళొచ్చి దీని మీదెక్కి తొక్కేస్తే?"

అత్త తాపీ అంచుతో చివరి గీత సరిచేసింది.

"తొక్కనీ. పచ్చి సిమెంటు మీద ఎవడు కాలు పెట్టినా ముద్ర పడుతుంది. ఎవడి కాలో అందరూ చూస్తారు."

ఆ మాటని, నీళ్ళ బొట్టు కూడా కలపకుండా, పొద్దున్నే బస్సు దిగగానే పెద్దమ్మకి చెప్పాలనుకుని నేను పలక మీద కప్పడానికి గోనెలు తడపబోయాను.